తడిచేతుల కక్ష

అద్దాలమ్మ చేతులు పొద్దున దుకాణం తెరిచిన దగ్గర్నుంచి సాయంత్రం మూసేదాకా తడిగానే ఉంటాయి. కళ్ళజోడు అద్దం ఫ్రేములో ఇమడాలంటే దాని అంచులు అరగదీయాలి. అరగదీసే రాయి తిరుగుతున్నంతసేపూ దాని మీద నీళ్ళు ధారగా పడుతూ ఉండాలి. నీళ్ళు ఆగాయా, రాయి వేడెక్కి అద్దం అంచు పెచ్చులు లేస్తుంది. అలా పెచ్చులు లేచిన అద్దం ఇక ఎవరి ముక్కు మీదికీ ఎక్కదు. అందుకే ఆమె వేళ్ళ చివర్లు ఎప్పుడూ ముడతలు పడి, నానబెట్టిన గింజల్లా తెల్లగా ఉబ్బి ఉంటాయి. తెర అవతల, వీధివైపు, యజమాని కూర్చుని వచ్చినవాళ్ళకు ఫ్రేములు పెట్టి చూపిస్తూ ఒకరిని "అచ్చం జడ్జిగారిలా ఉన్నారండీ" అనీ, ఇంకొకరిని "ఈ వయసులో పెళ్ళికొడుకులా ఉన్నావు బాబాయ్" అనీ మునగచెట్టు ఎక్కిస్తుంటాడు. తెర ఇవతల ఆమె, ఆ రాయి, ఆ నీళ్ళు.

ఇంటికి రాగానే ఆమె చేసే మొదటి పని చేతులు తుడుచుకోవడం. మంచం పక్కన మేకుకు ఒక తువ్వాలు వేలాడుతుంటుంది. దానితో ఎవరూ ముఖం తుడుచుకోకూడదు, వంటింట్లోకి పట్టుకుపోకూడదు. వేలుకీ వేలుకీ మధ్య, గోళ్ళ కింద, మణికట్టు చుట్టూ శ్రద్ధగా తుడుచుకుని, అరచేతులు బుగ్గలకు ఆనించి చూసుకుని, తడి లేదని నమ్మకం కుదిరాక గానీ ఆమె పుస్తకం ముట్టుకోదు. చూసినవాళ్ళు పుస్తకమంటే ఈవిడకెంత గౌరవమో అనుకుంటారు. గౌరవం కాదు, కక్ష.

కక్షల్లో చాలా రకాలున్నాయి. కత్తి పట్టుకు తిరిగే కక్షకు ఆయుష్షు తక్కువ. మనిషి దొరికితే అయిపోతుంది, దొరక్కపోతే కత్తి తుప్పుపడుతుంది. మాటలు మానేసే కక్ష కాస్త ఎక్కువకాలం బతుకుతుంది గానీ దానివల్ల ఎవరికీ ఏమీ రాదు. మూడో రకం అరుదు. తమ్ముడి మీద మంటతో, వాడి పట్నాన్ని తలదన్నే పట్నం కట్టిస్తానని బయల్దేరిన రాజులు పాత కథల్లో తగులుతుంటారు. రాజూ పోతాడు, తమ్ముడూ పోతాడు, ఆ మంట ఎందుకు పుట్టిందో చెప్పేవాడు కూడా మిగలడు. ఆ పట్నంలో జనం మాత్రం పొద్దున్నే లేచి పాలు కాచుకుంటూ, పిల్లల్ని బడికి తయారు చేస్తూ హాయిగా కాపురాలు చేస్తుంటారు. అద్దాలమ్మది ఈ మూడో రకం. పట్నం కట్టే స్తోమత లేదు గనక పిల్లలకు పుస్తకాలు చదివింది.

ఆమె తల్లి జ్వరంతో పోయేనాటికి ఆమెకు ఊహ సరిగా తెలియదు. తండ్రి సరుకుల లారీ నడిపేవాడు. ఎప్పుడొస్తాడో లారీకే తెలియాలి. అలా ఆమె పెద్దమ్మ ఇంట్లో, అంటే తండ్రి అన్నగారి ఇంట్లో పెరిగింది. కొట్టలేదు, తిండికి మాడ్చలేదు. ఆ మాట కక్షలో కూడా ఒప్పుకునేది. కానీ ఆ ఇంట్లో సాయంత్రం భోజనాలయ్యాక పెద్దమ్మ తన ఇద్దరు పిల్లల్నీ పెద్ద మంచమెక్కించుకుని కథల పుస్తకం తెరిచేది. ఆ వేళకు ఈమె వంటింట్లో కుళాయి కింద కంచాలు తోముతూ ఉండేది. రెంటికీ నడుమ ఒక చెక్కగోడ.

చెక్కగోడకు చెవి ఆనిస్తే కథ వినబడేది. గంట మింగిన మేక కథ ఆమె అలాగే విన్నది. తోటల్లో దొంగతనంగా మేసే ఒక మేక గంట మింగేస్తుంది. ఇక అది ఎక్కడ దాక్కున్నా గంట మోగుతుంది. గడ్డివాములో దూరినా మోగుతుంది, ఊపిరి బిగబట్టినా మోగుతుంది. తోటలవాళ్ళంతా కర్రలు పట్టుకుని బయల్దేరతారు. అప్పుడేమవుతుంది? అక్కడికొచ్చేసరికి పెద్దమ్మ గొంతు తగ్గించేసేది. పిల్లలు నిద్రలోకి జారుతున్నారని తగ్గిస్తోందేమో అని మొదట్లో అనుకుంది. కానీ లోపల పిల్లలు పకపకా నవ్వేవాళ్ళు. నిద్రపోయేవాళ్ళు అలా నవ్వరు కదా. ఏ కథకైనా అంతే. మొదలూ నడుమా వంటింటిదాకా వచ్చేవి, చివర మాత్రం గోడ దాటేది కాదు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. చదివేవాళ్ళకు కుడిపక్కన కూర్చున్నవాళ్ళే పేజీ తిప్పాలి. ఆ చోటు కోసం అన్నయ్యా అక్కా జుట్లు పట్టుకునేవాళ్ళు. ఒకనాడు అక్కకు ఒళ్ళు వెచ్చబడి పడుకుంది, కుడిపక్క ఖాళీగా ఉంది. ఈమె గబగబా కంచాలు బోర్లించి, పిల్లిలా వచ్చి ఆ చోట్లో కూర్చుంది. పేజీ చివరికొచ్చింది. పెద్దమ్మ అలవాటు కొద్దీ ఆగింది. ఈమె చెయ్యి చాచి కాగితం పట్టుకుంది. కాగితం మీద బొటనవేలు మేర మరక పడింది.

"ఎవరే నిన్ను రమ్మన్నది?" అంది పెద్దమ్మ. "చేతులు చూడు, తడి ఓడుతున్నాయి. పుస్తకం పాడుచేస్తావా? లే. లేవమన్నానా!"

"తడిచేతులు! తడిచేతులు!" అని అన్నయ్య మంచం మీద ఎగిరాడు. పెళ్ళై ఆ ఇల్లు వదిలేదాకా అదే పేరు.

ఆ తడి ఎక్కడిది? వాళ్ళు తిన్న కంచాలది. ఈ ఒక్క మాట ఆమె అప్పుడు అనలేకపోయింది. వంటింట్లోకి పోయి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో పళ్ళు నూరింది. ఏదో ఒకనాడు ఇదే పెద్దమ్మ చివర చదవమని తనను బతిమాలాలి. అప్పుడు అనాల్సిన మాట కూడా అప్పుడే తయారు చేసుకుంది: "నీ చేతులు తడిగా ఉన్నాయి పెద్దమ్మా."

కూతురు పుట్టాక కక్షకు పని దొరికింది. బిడ్డకు మెడ నిలబడకముందే అద్దాలమ్మ పుస్తకం తెరిచింది. ఇల్లంటే ఒక గది, ఒక వంటిల్లు, నడుమ పలచటి గోడ. భర్త ఇళ్ళకు రంగులు వేసే మేస్త్రీ. ఊళ్ళోవాళ్ళ గోడలన్నీ మెరిపించి, సొంత గోడకు మాత్రం మిగిలిన డబ్బాల అడుగు రంగులు కలిపి పూసేవాడు. ఆ ముద్దరంగు గోడ కింద కూర్చుని ఆమె చదివేది. ఒక్కో వాక్యం గోడకు మేకు కొట్టినట్టు చదివేది. లోపల "చూశావా పెద్దమ్మా, నా పిల్ల కుడిపక్కనే కూర్చుంది, పేజీ తిప్పుతోంది, చివర కూడా వింది" అనుకునేది.

"కథ చెప్తున్నావా, ఎవరిమీదైనా కేసు వేస్తున్నావా?" అని మేస్త్రీ అడిగేవాడు.

"నీకెందుకు? వినబుద్ధైతే విను, లేకపోతే బ్రష్షులు కడుక్కో."

"వింటాలేవే. ఆ రాక్షసుణ్ణి మాత్రం కాస్త మెల్లగా చంపు, పక్కింటివాళ్ళు కంగారుపడతారు."

కక్షతో చదివిన చదువైనా పిల్లకు వంటబట్టడం మానలేదు. తల్లి ఒడి వెచ్చగానే ఉంది, కథలు కథల్లాగే ఉన్నాయి. కూతురు పెరిగి బస్సు స్టాండులో టికెట్ల గదిలో ఉద్యోగం చేస్తోంది. బస్సుకూ బస్సుకూ నడుమ ఖాళీలో ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చదువుతుంది. "చిన్నప్పుడు కథలో పులి కంటే నిన్ను చూస్తేనే భయమేసేదమ్మా" అంటుంది నవ్వుతూ. "అయినా నీ పక్కనుంచి లేవబుద్ధయ్యేది కాదు." ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. నోరు మూతపడని పెద్దది పిచ్చుక. అప్పుడే కూడబలుక్కోకుండా చదవడం వచ్చింది. దుప్పటి చుట్టుకుని గానీ ఉండలేని చిన్నది మూట. తల్లి ఉద్యోగం నుంచి వచ్చేదాకా ఇద్దరూ అమ్మమ్మ ఇంట్లోనే, ఆమె దుకాణంలో ఉన్నంతసేపూ పక్కింటివాళ్ళు ఓ కన్నేసి ఉంచుతారు.

గంట మింగిన మేక మాత్రం దొరకలేదు. అద్దాలమ్మ పాత పుస్తకాల బండి కనబడితే చాలు ఆగేది. "మేక ఉందా, గంట మింగింది?" అని అడిగితే అమ్మేవాడు ఎగాదిగా చూసి, "కోళ్ళ పెంపకం మీద ఒకటుందమ్మా, ఇవ్వనా?" అనేవాడు.

అలా ఉండగా ఒకనాడు తెర అవతల నుంచి ఒక గొంతు వినబడింది. రాయి తిరుగుతూనే ఉంది, నీళ్ళు పడుతూనే ఉన్నాయి, ఆమె చెయ్యి మాత్రం ఆగిపోయింది. చెక్కగోడ అవతల నుంచి విన్న గొంతు అది. తెర అడ్డముంటేనే ఇంకా బాగా గుర్తుపడుతుంది.

పెద్దమ్మ ముసలిదైపోయింది. కొడుకు ఈ వీధి వెనకే ఇల్లు తీసుకుని తల్లిని తెచ్చుకున్నాడు. కళ్ళ డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని వచ్చారు. యజమాని పిలవగా అద్దాలమ్మ చేతులు వేలాడేసుకుని బయటికొచ్చింది.

"అరె!" అన్నాడు అన్నయ్య. జుట్టు ఊడిపోయింది గానీ నోరు అలాగే ఉంది. "అమ్మా, ఎవరో చూశావా? మన తడిచేతులే! చూడు, ఇప్పటికీ తడే!"

యజమాని మర్యాదకు నవ్వాడు. పెద్దమ్మ నవ్వలేదు. మసక కళ్ళతో ఆమె ముఖం వైపు కాకుండా కాస్త పక్కకు చూస్తూ, "బాగున్నావా అమ్మాయ్?" అంది.

"బాగున్నా పెద్దమ్మా. కళ్ళజోడు దేనికి?"

"చదువుకోడానికే. అక్షరాలు నీళ్ళలో పడ్డట్టు కనబడుతున్నాయి."

వంకర అద్దాలు బిగించి ఇవ్వడం ఎంతసేపు? అలాంటి కక్ష చేతగానివాళ్ళది అనుకుంది అద్దాలమ్మ. చీటీ ప్రకారం వెంట్రుకవాసి తేడా లేకుండా చేసి, మెత్తటి గుడ్డతో తుడిచి, తనే స్వయంగా పెద్దమ్మ చెవులకు తగిలించింది. పత్రిక ముందు పెట్టింది. పెద్దమ్మ కాసేపు చూసి, తల అడ్డంగా ఊపింది.

"అద్దంలో ఏ లోటూ లేదు పెద్దమ్మా" అంది అద్దాలమ్మ. "లోటు కంట్లో ఉంది." ఆ మాట నోట్లో ఎంత తియ్యగా ఉందో!

"డాక్టరూ అదే అన్నాడు. పెట్టుకుని చూడమన్నాడంతే." పెద్దమ్మ కళ్ళజోడు మడిచింది. "ఎవరైనా చదివిపెడితే వినేదాన్ని. కొడుకూ కోడలూ పొద్దున పోతే చీకటికి గానీ రారు."

ఇన్నేళ్ళూ అద్దాలమ్మ వెతుక్కుంటూ పోవాలనుకున్నది తన కాళ్ళతోనే దుకాణానికి నడిచొచ్చింది.

"మా ఇల్లూ ఆ వీధిలోనే, రా పెద్దమ్మా. సాయంత్రం పిల్లలకు చదువుతాను. నువ్వూ విందువుగాని."

"బంగారం లాంటి మాటన్నావు చెల్లీ!" అన్నాడు అన్నయ్య. ఎంత పెద్ద మనసు అని యజమాని ముక్కున వేలేసుకున్నాడు.

ఆ సాయంత్రం పెద్దమ్మ గోడ తడుముకుంటూ వచ్చింది. అద్దాలమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయి, కుళాయి పక్కన కుర్చీ వేసి, "లోపల ఇరుకు పెద్దమ్మా, ఇక్కడైతే గాలి వస్తుంది. గోడ పలచనే, అన్నీ వినబడతాయి" అంది. పెద్దమ్మ కుర్చీ కింద నేలను కాలితో ఒకసారి తడిమి, కూర్చుంది. అద్దాలమ్మ లోపలికి పోయి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, పిచ్చుకను కుడిపక్కన, మూటను ఒళ్ళో పెట్టుకుని పుస్తకం తెరిచింది. మొదలు గొంతెత్తి చదివింది. నడుమ ఇంకా బాగా చదివింది. దొంగకు దొంగ గొంతు, దొరకు దొర గొంతు పెట్టింది. చివరి పేజీ వచ్చేసరికి పిల్లల తలలు దగ్గరికి లాక్కుని గుసగుసలోకి దిగిపోయింది.

గోడ అవతల కుర్చీ కిర్రుమంది. ముందుకు వంగిందన్నమాట. చెవి గోడకు ఆనిస్తోందన్నమాట.

అద్దాలమ్మకు చిన్నప్పటి నుంచి కడుపులో రగులుతున్నదేదో ఆ కిర్రుతో కాస్త చల్లబడింది.

అలా రోజూ. పెద్దమ్మ వస్తుంది, కుర్చీలో కూర్చుంటుంది, మొదలూ నడుమా వింటుంది, చివర వినకుండా లేచిపోతుంది. అద్దాలమ్మ ఎదురుచూస్తున్న మాట మాత్రం అనదు. "చివర ఏమైందే అమ్మాయ్?" అని ఒక్కసారి అడగాలి. బతిమాలాలి. అది జరగందే ఈ కక్ష తీరినట్టు కాదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర అద్దాలమ్మే కదిపేది.

"ఎలా ఉంది పెద్దమ్మా కథ?"

"బాగుంది."

"అంతేనా?"

"దొంగ గొంతు ఇంకాస్త బొంగురుగా పెట్టు."

అరికాలి మంట నెత్తికెక్కేది. మర్నాడు ఇంకా ఊరించే కథ ఎంచుకునేది. నదిలో పడవ తలకిందులవుతుండగా, రాజుగారి నోరు తెరుచుకుంటుండగా గొంతు తగ్గించేది. "ఏమిటే, ఈమధ్య చివర్లు నాక్కూడా వినబడటం లేదు" అని మేస్త్రీ గునిసేవాడు. "నీకు చెవుడొస్తోంది" అనేది. కానీ పిల్లల ముందు అన్నీ చేస్తూ, పిల్లలకు ఏమీ తెలియదనుకోవడం పెద్దవాళ్ళకు ఉండే చూపుదోషం. దానికి ఏ దుకాణంలోనూ అద్దాలు లేవు.

కొన్నాళ్ళకు పెద్దమ్మ మధ్యాహ్నమే రావడం మొదలుపెట్టింది. పిల్లలు ఆమెకు అలవాటయ్యారు. ఒకనాడు దుకాణంలో కరెంటు పోయి రాయి ఆగిపోవడంతో యజమాని పెందరాళే పంపించేశాడు. అద్దాలమ్మ చేతులు కూడా సరిగా తుడుచుకోకుండా ఇంటికొచ్చింది. గుమ్మం దగ్గరే పిచ్చుక గొంతు వినబడింది. ఎక్కడా తడుముకోకుండా, దొంగకు దొంగ గొంతు పెట్టి మరీ చదువుతోంది. అద్దాలమ్మకు ఒళ్ళు పొంగింది. అక్కడే నిలబడి విందామనుకుంది. ఇంతలో ఆ గొంతు తగ్గుతూ, తగ్గుతూ గుసగుసలోకి దిగిపోయింది.

ఆమె వంటింట్లోకి తొంగిచూసింది. కుర్చీలో పెద్దమ్మ ఉంది. ఆమె కాళ్ళ దగ్గర, నేల మీద, గోడకు చెవి అతికించి, నోరు తెరుచుకుని, మోచేతుల దాకా తడి ఓడుతూ ఒక పిల్ల కూర్చుని ఉంది. ఆ పిల్ల ఎవరో అద్దాలమ్మకు ఒక్క క్షణం తెలియలేదు. ఆ తర్వాత తెలిసింది, చాలా బాగా తెలిసిన పిల్లే, చెక్కగోడకు చెవి ఆనించిన పిల్ల. కానీ ఆ పిల్ల ఇక్కడెందుకుంది? అప్పుడు ఆ పిల్ల తల తిప్పి, "అమ్మమ్మా, నాకు వినపల్లేదు" అని ఏడుపు లంకించుకుంది. మూట.

"పిచ్చుకా!" అని అద్దాలమ్మ అరిచింది. "చెల్లిని బయట కూర్చోబెట్టావెందుకే?"

పిచ్చుక పుస్తకంతో సహా గుమ్మంలోకి వచ్చింది. ముఖంలో తప్పు చేసిన జాడే లేదు. "దాని చేతులు తడి అమ్మమ్మా. బకెట్లో ఆడింది. తడి చేతులతో పుస్తకం ముట్టుకోకూడదని నువ్వే కదా అంటావు."

"మరి గట్టిగా చదవొచ్చుగా?"

"మొత్తం గట్టిగానే చదివా. చివరే మెల్లగా. చివర లోపలివాళ్ళకే కదా? నువ్వూ అంతేగా. పెద్దమ్మమ్మకు వినపడకుండా చదువుతావుగా."

కుళాయి నుంచి ఒక్కో చుక్కా పడుతోంది.

"దాన్నేమీ అనకు" అంది పెద్దమ్మ. "చూసిందే చేసింది."

"నీకు తెలుసా?"

"మొదటిరోజే తెలిసింది. కాలికి తడి తగిలింది. కుళాయి పక్కన. నేను నిన్నెక్కడ ఉంచానో నాకు తెలీదా?"

"తెలిసీ రోజూ ఎందుకొస్తున్నావు?"

"మొదలూ నడుమా బాగా చదువుతావు."

"అడగొచ్చుగా చివర ఏమైందని?"

"అడిగితే నీ కడుపు చల్లబడేది." పెద్దమ్మ చీరకొంగు సర్దుకుంది. "ఎందుకడుగుతాను?"

అద్దాలమ్మ గొంతు లేచింది. "పసిదాన్ని నేను! నీకేం అపకారం చేశాను? నీ ఇంటి కంచాలు తోమినందుకా?"

"నువ్వేం చేయలేదు. మీ అమ్మ చేసింది." ముసలిదాని గొంతులో పశ్చాత్తాపమేమీ లేదు, పాత పుండు గీరినట్టు కరుకుగానే వచ్చింది. "మా మామగారు మీ అమ్మ చేత పత్రిక చదివించుకునేవాడు. గలగలా చదివేది, బడి మెట్లెక్కింది కదా. ఒకరోజు ఆమె లేకపోతే నన్ను చదవమన్నాడు. నాకు కూడబలుక్కుంటే గానీ రాదు. సగంలో మీ అమ్మ వచ్చింది. గుమ్మంలో నిలబడి నవ్వింది. అందరి ముందూ నాలాగే నత్తినత్తిగా చదివి చూపించి మరీ నవ్వింది. ఆ రోజే పంతం పట్టా. పలక పట్టుకుని వంటింట్లో దాక్కుని నేర్చుకున్నా. నేను చదివితే ఆమె వినాలనుకున్నా. ఆ భాగ్యం లేకుండా పోయింది. నిన్ను నామీద వదిలేసి తను పోయింది."

"చచ్చిపోయినవాళ్ళ మీద నిందలేస్తావా?"

"నమ్మకు. నమ్మమని నేనన్నానా?"

తల్లి ముఖం అద్దాలమ్మకు గుర్తులేదు. గొంతూ గుర్తులేదు. ఆమెకు మిగిలిందల్లా ఒక నవ్వు, గలగలమంటూ ఎక్కడో గుమ్మంలో నుంచి వచ్చే నవ్వు. ఇన్నేళ్ళూ దాన్ని ఎవరికీ చూపించకుండా దాచుకుంది. ఆ నవ్వుకు ఎదురుగా ఎవరున్నారో ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆ ముసలిదాని నోటి నుంచి విన్నాక నవ్వు అలాగే ఉంది, గుమ్మం కూడా అలాగే ఉంది, ఎదురుగా పత్రిక పట్టుకుని పెద్దమ్మ వచ్చి చేరింది. ఆ దొంగదెబ్బకు ఆమెకు పెద్దమ్మ గొంతు నులమాలనిపించింది.

మూట ఏడుస్తూనే ఉంది. "చివర ఏమైందీ? చివరా..."

"అమ్మాయ్" అంది పెద్దమ్మ. "దానికి చదువు. నాకొద్దులే. ఆ చిన్నదానికి చివర చదివిపెట్టు. ఇదిగో, అడుగుతున్నా. బతిమాలమంటావా? బతిమాలుతున్నా."

చిన్నప్పుడు కుళాయి చప్పుడులో తయారు చేసుకున్న మాట అద్దాలమ్మ నాలుక చివరికి వచ్చేసింది. "నీ చేతులు తడిగా..." కానీ ఎదురుగా తడిగా ఉన్న చేతులు పెద్దమ్మవి కావు. మూటవి. తనవీ.

ఆమె ఆ మాట మింగేసింది. వంగి మూటను చంకనేసుకుని, పిచ్చుక చేతిలో పుస్తకం లాక్కుని గదిలోకి పోయింది. తువ్వాలు మేకుకే ఉంది, దాని వైపు చూడలేదు. తడి చేతులతోనే చివరి పేజీ తెరిచి, వీధంతా వినబడేలా చదివింది. అది అయ్యాక అరలోంచి ఇంకో పుస్తకం లాగింది. పడవ ఒడ్డుకు చేరింది. ఇంకోటి లాగింది. రాజుగారి నోరు మూతపడింది. ఇన్నాళ్ళూ దాచిన చివర్లన్నీ తిట్లు విసిరినట్టు గోడ అవతలికి విసిరింది. ఒక్కో పేజీ మీద ఆమె వేళ్ళ మరకలు పడుతున్నాయి, కాగితాలు ఉబ్బుతున్నాయి. మూట ఏడుపు ఎప్పుడో మాని, ఒక కథకూ ఇంకో కథకూ పొంతన లేకపోయినా నోరు తెరుచుకుని వింటోంది.

రంగు డబ్బాతో లోపలికొచ్చిన మేస్త్రీ గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఎవర్నే అలా తిడుతున్నావు?"

"తిట్టడం లేదు, చదువుతున్నా!"

"అందరూ సుఖంగా ఉన్నారని చెప్పడానికి అంత కోపమా?"

"ఉన్నారు! సుఖంగానే ఉన్నారు! అయితే ఏంటిప్పుడు?"

మేస్త్రీ బ్రష్షులు కడగడానికి పోయాడు. పిచ్చుక గోడకు అతుక్కుని నిలబడి ఉంది. అద్దాలమ్మ ఊపిరి తీసుకుని దాన్ని దగ్గరికి లాక్కుంది.

"లోపలా బయటా లేదు ఇక. పద్ధతి మారింది."

"ఎవరు మార్చారు?"

"నేనే పెట్టా, నేనే మార్చా. చివర అందరికీ వినబడాలి."

"పెద్దమ్మమ్మకు కూడానా?"

అద్దాలమ్మ వంటింటి వైపు చూసింది. "కుర్చీ తీసేయ్" అంది చివరికి. "ఆ కుర్చీ నాకు గిన్నెలు పెట్టుకోడానికి కావాలి."

మర్నాటి నుంచి పెద్దమ్మ మంచం మీదే కూర్చుంటోంది. కుడిపక్కన ఆమె, ఆమె ఒళ్ళో మూట. పేజీ ఎప్పుడైపోయిందో ఆమెకు కనబడదు గనక అద్దాలమ్మ మోచేత్తో పొడుస్తుంది. అవసరమైనదానికన్నా కాస్త గట్టిగానే పొడుస్తుంది. ముసలి వేళ్ళూ పసి వేళ్ళూ కలిసి కాగితం తిప్పుతాయి. "మొత్తానికి క్షమించేశావన్నమాట" అని మేస్త్రీ ఒకసారి అన్నాడు. "లేదు" అంది అద్దాలమ్మ. అబద్ధం కాదు.

ఎందుకంటే పుస్తకం తెరిచేముందు ఆమె రోజూ పెద్దమ్మ ఎదుట నిలబడి, "చేతులు" అంటుంది. పెద్దమ్మ రెండు చేతులూ చాస్తుంది. అద్దాలమ్మ వాటిని పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, వేళ్ళ సందులు చూసి, తువ్వాలుతో ఒకసారి తుడుస్తుంది. పిల్లల చేతులు తుడవదు, వాళ్ళు ఏ చేతులతోనైనా రావచ్చు. పెద్దమ్మవి మాత్రం తుడుస్తుంది. ఆ ఒక్కటీ ఆమె వదులుకోలేదు. దాని వెనకే ఇంకొకటి అడుగుతుంది.

"మేక ఏమైంది?"

మొదటిసారి అడిగినప్పుడు పెద్దమ్మ, "ఏ మేక?" అంది.

"గంట మింగిన మేక. తోటలవాళ్ళు కర్రలు పట్టుకుని బయల్దేరారు. మీరంతా నవ్వేవాళ్ళు."

పెద్దమ్మ చాలాసేపు ఆలోచించి, "గుర్తు లేదే అమ్మాయ్" అంది. నిజంగానే గుర్తులేదు, ఆ ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. చిన్నప్పటి నుంచి ఒకరి గుండెలో మోగుతున్న గంట ఇంకొకరికి గుర్తే లేదు. ఆ రోజు అద్దాలమ్మ తువ్వాలు వేసి చేతులు రుద్దిన రుద్దుడుకు పెద్దమ్మ "అబ్బా" అంది.

"గుర్తు తెచ్చుకో. రేపు అడుగుతా."

అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. ఇక తప్పదని పెద్దమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఒకరోజు మేక కొండెక్కిందంది. "అబద్ధం!" అని పిల్లలు మంచం మీద గెంతారు. ఒకరోజు మేక తుమ్మిందనీ గంట ఊడి నదిలో పడిందనీ చెప్పింది. ఇంకొకరోజు తోటలవాళ్ళే తలా ఒక గంట మింగారు, దాంతో ఎవరు దొంగో తెలియకుండా పోయింది. మూట నవ్వీ నవ్వీ దుప్పటితో సహా మంచం మీద నుంచి జారింది.

"ఇది కూడా కాదు" అంటుంది అద్దాలమ్మ తువ్వాలు మేకుకు తగిలిస్తూ, నవ్వు మాత్రం రానివ్వకుండా. "రేపు సరిగ్గా చెప్పు."